కట్టేయండి అన్నాను

నా ఎడమ కాలికి పోలియో. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మధ్యలో ఎక్కడో తెలిసి మీరు అయ్యో అంటారు, నాకు చిరాకేస్తుంది. తొడ దగ్గర నుంచి మడమ దాకా ఇనప కడ్డీలు, తోలు బెల్టులు ఉన్న క్యాలిపర్ తొడుక్కుని నడుస్తాను. తొడుక్కోవడానికి పది నిమిషాలు, విప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. విప్పాక ఇంట్లో గోడలు, కుర్చీలు పట్టుకుని తిరుగుతాను.

అప్పట్లో అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఏదో ఒక కంప్యూటర్ కోర్సు ఉండేది. నేనూ అలాంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేదాన్ని. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, సాయంత్రం ఐదింటికి ఇంకొకటి. పంజాగుట్ట వెనక గల్లీలో ఒక అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో అద్దెకుండేదాన్ని. ఇంటికీ ఇన్‌స్టిట్యూట్‌కీ మధ్య దూరం ఎంతో లేదు, మామూలువాళ్ళు మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళిపోతారు. నాకు మాత్రం రోజుకి నాలుగు ఆటోలు. దగ్గర బేరమని వాళ్ళు ముఖం తిప్పుకోవడం, నా కాలు చూసి ఒకళ్ళిద్దరు జాలిపడి ఎక్కించుకోవడం, ఆ జాలి మూడ్రోజులు నాకు అరక్కపోవడం, ఇదే నా దినచర్య.

అలాంటి రోజుల్లో బ్యాటరీ కారొకటి మార్కెట్లోకి వచ్చింది. బొమ్మలా ఉండేది. రెండే తలుపులు. అన్నిటికన్నా ముఖ్యం, దానికి క్లచ్ లేదు. క్లచ్ లేదంటే ఎడమ కాలితో పని లేదని అర్థం. ఈ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారు ఇంటికొచ్చిన మొదటి ఆదివారం ఒక్కదాన్నే తీసుకుని బయల్దేరాను. అమీర్‌పేట దాటాను, ఆగబుద్ధి కాలేదు, ఎర్రగడ్డ రైతుబజారు దాకా వెళ్ళి, ఏమీ కొనకుండా వెనక్కి తిప్పుకుని వచ్చాను. మర్నాడు స్టాఫ్‌రూములో "నిన్న ఎర్రగడ్డ వెళ్ళొచ్చాను" అంటే, "అదేంటండీ, మిమ్మల్ని ఉంచుకోలేదా?" అన్నారు. ఎర్రగడ్డ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది పిచ్చాసుపత్రే మరి. నవ్వుకోనివ్వండి అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాక జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఒకచోటికి వెళ్ళి తిరిగి వచ్చాను. ఆ సంతోషం ఎలాంటిదో వాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి మీద కుర్రాళ్ళు అద్దం కొట్టి మరీ అడిగేవాళ్ళు. "మేడం, గిది కారా, టార్చిలైటా? ఎన్ని సెల్లులు పడ్తయి?"

"నీ తలకాయలో ఉన్నవాటికంటే ఎక్కువే" అనేదాన్ని.

ఇక చార్జింగు. మా సెల్లార్లో కరెంటు మీటర్లు ఒక మూల, నా పార్కింగు ఇంకో మూల. అమీర్‌పేటలో షాపున్న ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచాను. ఆయన నా మీటరు నుంచే లైను తీసి, మీటర్ల పక్క స్తంభానికి పదిహేను ఆంపియర్ల ప్లగ్గు బిగించి, అక్కడి నుంచి కారు దాకా సరిపడేలా పొడుగాటి నల్ల వైరు తయారుచేసి ఇచ్చాడు. పొద్దున బ్యాచ్ అయ్యాక పదింటికి ఇంటికొచ్చి, వైరు నేల మీద సాఫీగా పరిచి, కారుకి తగిలించి, స్విచ్చి వేసి, లిఫ్టెక్కి పైకెళ్ళి క్యాలిపర్ విప్పేసేదాన్ని. మళ్ళీ నాలుగింటికి దిగడం. మధ్యలో ఆరు గంటలు నేనూ కారూ చెరొక చోట విశ్రాంతి తీసుకునేవాళ్ళం.

రెండు నెలలు బాగానే గడిచింది. ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి బిల్డింగు మొత్తానికి కరెంటు పోయింది. సెల్లార్లో మీటర్ల దగ్గరుండే మెయిన్ ఫ్యూజు కాలిపోయింది. సరిగ్గా ఆ టైముకే సెల్లార్లో నీళ్ళ మోటారు నడుస్తుంది. మోటారూ, నా కారూ, ఇళ్ళల్లో కూలర్లూ అన్నీ కలిసి ఆ మెయిన్ మీద పడ్డాయి. మా అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు గారు ఏలూరు వైపు ఆయన, ఏదో ప్రభుత్వ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మర్యాదగానే చెప్పారు.

"చూడండమ్మా, మీ కారు వద్దనను. కానీ మోటారు నడిచే గంటసేపు అది నడవకూడదు. రెండూ ఒకేసారి నడిచి ఫ్యూజు పోయిందంటే మాత్రం ఆ ప్లగ్గు తీయించేయాల్సి వస్తుంది. మిగతావాళ్ళు ఊరుకోరు."

న్యాయమైన మాట. ఆ ప్లగ్గు పోతే సిటీలో ఇంకెక్కడా దానికి చార్జింగు పెట్టే చోటు లేదు. కారు సెల్లార్లో గుడ్డ కప్పుకుని పడుంటుంది, నేను మళ్ళీ ఆటోవాళ్ళ ముఖాలు చూడాలి. అందుకని ఆ సాయంత్రమే వాచ్‌మన్‌ని పిలిచాను. నారాయణఖేడ్ దగ్గర పల్లె నుంచి అప్పటికి మూడు నెలల కింద కొత్తగా వచ్చాడు. మెట్ల కింద గదిలో భార్యతో, చిన్న కూతురితో ఉండేవాడు. నెమ్మదైన మనిషి, ఒక మాటకి రెండు మాటలు మాట్లాడడు. మోటారు పని ఆయనదే.

కారు పక్కన నిలబడి వైరు వంక వేలు చూపిస్తూ స్పష్టంగా చెప్పాను. "రోజూ మోటారు వేసేముందు దీన్ని కట్టేయండి. మోటారు ఆగాక మళ్ళీ వేయండి. మర్చిపోవద్దు, నాకిది చాలా ముఖ్యం."

"అట్లనే మేడం" అన్నాడు.

నాలుగో రోజు మళ్ళీ ఫ్యూజు పోయింది. అదే పన్నెండింటికి.

ఇంటర్‌కమ్‌లో ఆయన్ని అడిగాను. "ఇవాళ కట్టేశారా?"

"కట్టిన మేడం."

"మళ్ళీ వేశారా?"

"మోటార్ బంద్ జెయ్యంగనే ఏసిన."

అయితే తప్పు నాది కాదు. నా కారు ఆగి ఉన్నప్పుడు ఫ్యూజు పోయిందంటే మోటారుదే లోపం. ఈ మాట ప్రెసిడెంటు గారికి గట్టిగానే చెప్పాను. ఆయన మోటారు చూపించారు. ఏదో మార్చారు. రెండు రోజులు బాగుంది, మూడోరోజు మళ్ళీ పోయింది. లిఫ్టు మధ్యలో ఆగింది. మూడో అంతస్తులో రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కూలరు ఆగి, చెమటలు కక్కుతూ లేచి, బాల్కనీలోంచి ఎవర్నో తిట్టాడు. ఎవర్ని తిట్టాడో నాకు అర్థమవుతూనే ఉంది.

నేను టెస్టింగ్ చెప్పేదాన్ని కదా, ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, కారు తగిలించిన టైము, మోటారు టైము, ఫ్యూజు పోయిందా లేదా. చివర ఒక గడి, "కట్టారా?" అని. రోజూ ఇంటర్‌కమ్‌లో అడగడం, ఆయన "కట్టిన మేడం" అనడం, నేను టిక్కు పెట్టడం. మూడు వారాల్లో ఆ గడి నిండా టిక్కులే. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఫ్యూజు మాత్రం తన ఇష్టం వచ్చిన రోజు పోతోంది. సోమవారం పోదు, మంగళవారం పోతుంది. బాగా ఎండకాసిన రోజు పోతుందనుకుంటే మబ్బుపట్టిన రోజు పోయింది. చిన్నప్పుడు లెక్కల పరీక్షలో కూడా నేనింత అయోమయంలో పడలేదు.

పైగా కొత్త వింతలు మొదలయ్యాయి. నేను నాలుగింటికి దిగేసరికి వైరు నేను పరిచినట్టే ఉండేది, కానీ ముట్టుకుంటే మధ్యలో అక్కడక్కడ మెత్తగా, జిగురుగా తగిలేది. ప్లగ్గు అంచులు గోధుమరంగుకి తిరిగాయి. కారులో ముల్లు చూస్తే గంట తక్కువ చార్జింగు అయినట్టుగా లేదు, నిండుగా ఉంది. మంచి కారు, తొందరగా ఎక్కుతోంది అని మురిసిపోయాను. ఇంత తెలివి తక్కువగా ఆలోచించినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఎలక్ట్రీషియన్ అన్న ముందు ప్లగ్గు మార్చాడు. ఇంకోసారి వచ్చి ఎర్తింగు గుంత ఎండిపోయిందన్నాడు. దాంట్లో రోజూ బిందెడు నీళ్ళు పోయించమంటే పోయించాను. మూడోసారి వచ్చి వైరుని అంగుళం అంగుళం తడిమి చూసి తల గోక్కున్నాడు.

"గింత మంచి వైరు గిట్లెందుకు గరమైతున్నది మేడం? నడిచేటప్పుడు గిన చుట్ట చుట్టి పెడుతున్నరా ఏంది? చుట్టలుంటె వేడి బయటికి పోదు, లోపల్నే ఉడుకుతది."

"చుట్ట ఎందుకు చుడతానన్నా? రోజూ నా చేత్తో నేనే సాఫీగా పరుస్తాను."

"అయితె నాకు సుత సమజైతలేదు" అన్నాడాయన. కారు కంపెనీకి ఫోను చేస్తే, మీ ఇంటి వైరింగు చూపించుకోండి అన్నారు. ఇంటి వైరింగు చూసినాయన కారు చూపించుకోమన్నాడు. ఎవరికి వాళ్ళు నిజమే చెబుతున్నారు, ఎవరి నిజమూ ఇంకొకరి నిజంతో కలవడం లేదు.

ఒక ఆదివారం సెల్లార్లో కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. ఎజెండాలో మొదటి విషయం నా ప్లగ్గు. ప్రతి ఫ్లాటు నుంచీ ఒకళ్ళు వచ్చారు. ఇంట్లో కూర్చుని టైపింగు పని చేసుకునే ఆవిడ, చేసిన పని అంతా ఎగిరిపోతోందని ఏడుపు గొంతుతో చెప్పింది. సాఫ్ట్‌వేర్ కుర్రాడు తీయించేయండి సార్ అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆ స్తంభానికున్న తెల్ల ప్లగ్గు వైపు చూశాను. దాన్ని ఊడబీకేస్తే మర్నాడు పొద్దున ఆరున్నరకి గల్లీ చివర క్యాలిపర్‌తో నిలబడి ఆటో కోసం చెయ్యూపుతున్న నన్ను నేనే చూసుకున్నాను. భయం వేసింది. ఆ భయంలో నోరు జారింది.

"నేను రోజూ కట్టేయమనే చెబుతున్నానండీ. ఆయన కట్టేశాననే అంటున్నాడు. కట్టేస్తే ఫ్యూజు ఎందుకు పోతుంది? ఆయన కట్టడం లేదేమో, నాతో అబద్ధం చెబుతున్నాడేమో అడగండి."

అందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వాచ్‌మన్ మోటారు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే ఆయన భార్య, కూతురు.

"అబద్ధం ఆడలే సార్" అన్నాడు. "రోజు కట్టిన. ఒక్క దినం సుత తప్పలే. నా బిడ్డ మీద ఒట్టు."

"మరి మేడం గారు అబద్ధం చెబుతున్నారా?" అన్నారెవరో.

ఆయన నా వైపు చూశాడు. నేనేమైనా అంటానేమోనని చూశాడు. నేనేమీ అనలేదు. చివరికి ప్లగ్గుకి ఇంకొక్క వారం గడువిచ్చారు. వాచ్‌మన్‌ని హెచ్చరించి వదిలేశారు. నా కారు బతికింది కదా అని లిఫ్టులో ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ నిమిషంలో నాకు సంతోషమే వేసింది.

మంగళవారం నాడు తాడోపేడో తేల్చుకుందామని క్యాలిపర్ విప్పకుండా కూర్చున్నాను. పదకొండున్నర దాటాక బయల్దేరాను. లిఫ్టు చప్పుడుకి ఆయన జాగ్రత్తపడతాడని మెట్ల మీద నుంచే దిగాను. రెండంతస్తుల మెట్లు, పక్కకి తిరిగి, రెండు చేతుల్తో రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే. మనిషిని దొంగలా పట్టుకోవాలనే పంతం లేకపోతే నేను ఆ మెట్లు దిగేదాన్ని కాదు.

చివరి మెట్టు మీద ఆగి చూశాను. వాచ్‌మన్ నా కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను పరిచిన వైరుని నేల మీంచి ఎత్తి, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టలుగా చుడుతున్నాడు. ఎంత పద్ధతిగా అంటే, ఒక చుట్ట ఇంకో చుట్టని దాటదు. చుట్టడం అయ్యాక ఒక తోలు బెల్టుతో దాన్ని బిగించి కట్టి, బకిలు పెట్టి, గోడ మేకుకి తగిలించాడు. స్విచ్చి వేసే ఉంది. కారు చార్జరు జుయ్‌మంటూనే ఉంది. ఆయన లేచి వెళ్ళి మోటారు స్విచ్చి వేశాడు. సంపు పక్కన పైపులోంచి నీళ్ళు కారి, పొద్దున నేను వైరు పరిచిన చోటు మీదుగా పారాయి.

మేకుకి వేలాడుతున్న బెల్టు నాదే. కిందటేడు మార్చి పారేసిన పాత క్యాలిపర్ మోకాలి బెల్టు.

"ఏం చేస్తున్నారు?" అని అరిచాను. నా గొంతు సెల్లారంతా మోగింది.

ఆయన ఉలిక్కిపడి చూశాడు. "కట్టిన గద మేడం" అన్నాడు.

"స్విచ్చి? స్విచ్చి కట్టలేదేం?"

"స్విచ్చి ఎట్ల కడుతరు?" అన్నాడాయన. వెటకారం కాదు. నిజంగా అడిగాడు.

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. "మీరే జెప్పిన్రు గద మేడం. మోటార్ ఏసే ముంగట గీ వైరు కట్టెయ్యమని, అయినంక మల్ల ఏయమని. మోటార్ నడిస్తె కింద నీళ్ళు పారుతయి. నీళ్ళల్ల వైరు ఉంటె షాక్ కొడుతది. అందుకనే కట్టుమన్నరనుకున్న. తాడుతోని కడితె ఊసిపోతుండె. చెత్తల మీ బెల్టు దొరికింది, మంచిగున్నది, పట్టి ఉంటది."

మా తెనాలి వైపు లైటు కట్టేస్తాం, ఫ్యాను కట్టేస్తాం, టీవీ కట్టేస్తాం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి స్విచ్చి ఆపడానికి నాకు ఇంకో మాట తెలియదు. ఆయనకి కట్టడమంటే తాడుతో కట్టడమే, వేయడమంటే నేల మీద వేయడమే. మోటారు విషయంలో రోజూ ఇంటర్‌కమ్‌లో ఆయన "బంద్ జేసిన" అంటూనే ఉన్నాడు. ఆపడానికి ఆయన మాట అదేనని నా చెవికి వినపడలేదు. నేను వేసిన ప్రశ్నకి జవాబు మాత్రమే విన్నాను, టిక్కు పెట్టుకున్నాను.

"బంద్ జెయ్యమంటె బంద్ జేస్తుంటి గద మేడం" అన్నాడు చివరికి. "గంత మాట అనకపోతుండె."

స్విచ్చి నేనే ఆపాను. వైరు చుట్ట మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఇన్నాళ్ళూ నా మూలంగా ఈ బిల్డింగు తగలబడకపోవడమే గొప్ప అనిపించింది. ఆయనకి క్షమాపణ చెప్పాను. మామూలుగా నాకు క్షమాపణ చెప్పే అలవాటు తక్కువ, అందుకని పొడిపొడిగా చెప్పాను. "తప్పు నాదే. మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆయన తలూపాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైపోవాలి. నేను కానివ్వలేదు.

ఆ సాయంత్రం క్లాసులో, కోడు ఎంత బాగా రాసినా అసలు చెప్పిన మాటలో తేడా ఉంటే మొత్తం తప్పుతుందని పిల్లలకి చెప్పాను. అందరూ రాసుకున్నారు. ఇంటికొచ్చి ప్రెసిడెంటు గారి ఫ్లాటుకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు, లోపలికి కేకేసి వాళ్ళావిడకీ చెప్పి నవ్వించారు. కాఫీ ఇచ్చారు. నేను అసలు మాట మెల్లిగా అడిగాను.

"ఇది అందరికీ చెప్పాలంటారా? చెబితే ఇన్నాళ్ళూ ఫ్యూజు కాల్చింది నా కారేనని తేలుతుంది. వారం గడువు ఇంకా అవలేదు."

ఆయన ఆలోచించారు. "ఎందుకులెండి. మీకే ఇబ్బంది. సమస్య తీరిపోయిందని నోటీసు పెట్టేద్దాం" అన్నారు. నేను సరేనన్నాను. ఆ సరే అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

మర్నాడు లిఫ్టు పక్కన కాగితం అంటించారు. 'విద్యుత్ సమస్య పరిష్కరించబడినది. సహకరించగలరు.' అంతే. అది చదివినవాళ్ళు వాళ్ళకి తోచినట్టు అర్థం చేసుకున్నారు. లిఫ్టులో టైపింగు ఆవిడ నాతో అంది, "మొన్న మీరు గట్టిగా అడగబట్టి దారికొచ్చాడండీ. లేకపోతే వీళ్ళు వింటారా?" నేను లిఫ్టు అంకెల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ నవ్వు ముఖానికి నేనేం జవాబు చెప్పానో గుర్తులేదు. నిజం చెప్పలేదని మాత్రం గుర్తుంది.

నెలాఖరు రోజు పొద్దున బ్యాచ్‌ నుంచి వచ్చేసరికి మెట్ల కింద గది ముందు మూటలు కట్టి ఉన్నాయి. బోరబండలో ఆయన బావమరిది ఉంటాడు, అక్కడే ఏదో పని చూశాడట. కారు దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"కోపమా నా మీద?" అన్నాను.

"గుస్స ఏం లేదు మేడం. మీరు మంచోళ్ళే" అన్నాడు. మూట ముడి బిగిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు. "గని అబద్ధాలోడని అందరి ముంగట అన్నరు. కాదని నాకొక్కనికే జెప్పిన్రు. నా బిడ్డ ఈడ ఆడుకుంటుంటె, మీ నాయిన మీద ఒట్టెయ్యి అని ఎక్కిరిస్తున్నరు పోరలు. గందుకే పోతున్న."

ఆయన వైరు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నేనింకా పరవని చుట్టకి ఉన్న తోలు బెల్టు విప్పి నా చేతికిచ్చాడు. "మీదే మేడం" అన్నాడు. ముగ్గురూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

తర్వాతి ఆదివారం మీటింగులో నేనే లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. కట్టేయండి అన్న మాట దగ్గర్నుంచి మేకుకి వేలాడిన చుట్ట దాకా, ప్రెసిడెంటు గారింట్లో కాఫీ దాకా. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "అంటే రోజూ మీ కారేనా మేడం?" అన్నాడు. "నా కారే" అన్నాను. ప్లగ్గు తీసేయండి అంటారని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. నలుగురైదుగురు నవ్వారు. ఎవరో, పాపం మంచివాడండీ అన్నారు. నెల నుంచీ ఫ్యూజు పోలేదు కాబట్టి ఎవరికీ దాని మీద ఆసక్తి లేదు. తర్వాతి విషయం లిఫ్టుకి వేయాల్సిన రంగు. దాని గురించి గంట సేపు పోట్లాడుకున్నారు.

నేను అంతగా భయపడిన నిజం చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నెల ముందు చెప్పి ఉంటే ఆయన అదే మోటారు పక్కన నిలబడి వినేవాడు. ఆయన కూతురు వినేది. రెండుసార్లు బోరబండ వెళ్ళాను, కారులోనే. ఆ గల్లీల్లో, నాకు ఇంటి గుర్తులేమీ తెలియని చోట, ఎవరినని అడగను? రెండుసార్లూ తిరిగి వచ్చేశాను.

కొత్త వాచ్‌మన్ బాపట్ల వైపు నుంచి వచ్చాడు. మొదటి రోజే ఆయన్ని కారు దగ్గరికి తీసుకెళ్ళాను. వైరు వైపు కాదు, స్తంభానికున్న స్విచ్చి మీద వేలు పెట్టి చూపించి, ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతూ చెప్పాను.

"మోటారు పెట్టేముందు ఈ స్విచ్చి బంద్ చేయండి. తెలిసిందా? బంద్ చేయాలి."

ఆయన నా ముఖం వంకా, స్విచ్చి వంకా అయోమయంగా చూశాడు.

"బంద్ అంటే ఏంటమ్మా? కట్టేయమంటారా?"

"ఆఁ" అన్నాను. "కట్టేయండి."